టి.బి. పేదవాళ్ల ఇంటినే ఎందుకు వెతుక్కుంటుంది?

మీరు వార్డు బయట బెంచీ మీద కూర్చొని ఈ పుస్తకం తిరగేస్తున్నారు. మీ మనిషి లోపల మంచం మీద ఉన్నారు. మీరు రాత్రంతా నిద్రలేక ఇక్కడ కూర్చున్నారు. ఒక పక్క బిల్లు గురించి, ఇంకో పక్క ఇంటి దగ్గర వదిలి వచ్చిన పిల్లల గురించి ఆలోచిస్తున్నారు. ఈ నాలుగు పేజీలు ఓపికగా చదవండి. చదువు రానివాళ్లు పక్కన ఉంటే చదివి వినిపించండి.

తెమడ పరీక్షలో టి.బి. అని తేలిన రోజున మమ్మల్ని చాలామంది ఒకే మాట అడుగుతారు. "మా ఇంట్ల ఎవ్వలకీ గీ రోగం లేకుండె సిస్టరమ్మా. మేం ఎవ్వలకు ఏం పాపం జేసినం? మాకే ఎందుకొచ్చింది?"

పాపం చేసినందుకు రాలేదు. శాపం వల్ల రాలేదు. ఎవరో చేతబడి చేస్తే రాలేదు. అది ఒక క్రిమి వల్ల వచ్చింది. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ అనే జర్మనీ డాక్టరు ఆ క్రిమిని కనుక్కున్నట్టు ప్రకటించారు. అందుకే ఏటా మార్చి 24న ప్రపంచ క్షయ దినం జరుపుతారు. అయితే "మాకే ఎందుకు" అన్న మీ ప్రశ్న మాత్రం న్యాయమైనదే. క్రిమికి ధనిక, పేద తేడా తెలియదు. కానీ అది బతకడానికి, పాకడానికి కావలసిన వసతులు పేదవాళ్ల ఇంట్లోనే ఎక్కువ దొరుకుతాయి. ఎలాగో ఒక్కొక్కటిగా చెబుతాను.

ఇది ఎలా అంటుకుంటుంది?

ఊపిరితిత్తుల టి.బి. ఉన్న మనిషి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు కంటికి కనిపించని తుంపరలు గాలిలోకి వస్తాయి. వాటిలో క్రిములు ఉంటాయి. గాలి ఆడని గదిలో అవి గంటల తరబడి తేలుతూ ఉంటాయి. ఆ గాలి పీల్చినవాళ్లకు క్రిమి లోపలికి పోతుంది. కంచం వల్ల, గ్లాసు వల్ల, బట్టల వల్ల, చేయి తగిలినందువల్ల టి.బి. రాదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది. క్రిమి లోపలికి పోయిన ప్రతివాళ్లకూ జబ్బు రాదు. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగో వంతు మంది ఒంట్లో ఈ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు చేరిందని అంచనా. వాళ్లలో జీవితకాలంలో జబ్బు పడేది నూటికి 5 నుంచి 10 మంది మాత్రమే. మిగతావాళ్ల శరీరం దాన్ని కట్టిపడేసి ఉంచుతుంది. ఆ కట్టు తెగేది ఎప్పుడు? ఒంట్లో బలం తగ్గినప్పుడు. తిండి చాలనప్పుడు, షుగర్ వ్యాధి అదుపులో లేనప్పుడు, హెచ్.ఐ.వి. ఉన్నప్పుడు, బీడీలు, సారా ఎక్కువైనప్పుడు.

కాబట్టి రెండు ప్రశ్నలు వేసుకోవాలి. క్రిమి లోపలికి ఎందుకు పోయింది? పోయిన క్రిమి ఎందుకు నిద్ర లేచింది? మొదటిదానికి జవాబు ఇంట్లో ఉంది. రెండోదానికి జవాబు కంచంలో ఉంది.

ఒకే దగ్గు, రెండు ఇళ్లు

రెండు ఇళ్లు ఊహించుకోండి. మొదటి ఇంట్లో నాలుగు గదులు, ప్రతి గదికీ కిటికీలు. ఇంటాయనకు టి.బి. వచ్చింది. ఆయన వేరే గదిలో పడుకుంటాడు. ఆఫీసుకు సెలవు పెడితే జీతం ఆగదు. దగ్గు మొదలైన వారంలోనే డాక్టరు దగ్గరకు వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాడు.

రెండో ఇల్లు బస్తీలో ఒకటే గది. పైన రేకులు. వంట అక్కడే, పడక అక్కడే. కిటికీ లేదు, ఉన్నా చలికి, దోమలకు భయపడి గోనెసంచి కుక్కారు. ఆ గదిలో ఆరుగురు పక్కపక్కనే పడుకుంటారు. ఇంటాయన పొద్దున లేస్తే అడ్డా మీద కూలికి నిలబడాలి. పని దొరికిన రోజే తిండి. దగ్గు వస్తే ఆర్.ఎం.పి. దగ్గర ఒక సూది, ఒక దగ్గు మందు సీసా. అలా రెండు నెలలు గడిచాయి.

దగ్గు ఇద్దరిదీ ఒకటే. క్రిమి ఒకటే. కానీ మొదటి ఇంట్లో దాని దారి వారంలోనే ఆగిపోయింది. రెండో ఇంట్లో అరవై రాత్రులు అయిదుగురు అదే గాలి పీల్చారు. మందు వాడని ఒక టి.బి. రోగి ఏడాదిలో సుమారు 10 నుంచి 15 మందికి క్రిమిని అంటించగలడని అంచనా. ఆ రెండో ఇంటివాళ్లు శుభ్రం తెలియనివాళ్లు కారు. ఇంకో గది లేనివాళ్లు, అంతే.

2021లో కరోనా రెండో విడత వచ్చినప్పుడు ఇదే విషయం అందరి కళ్లకూ కట్టింది. "వేరే గదిలో ఉండండి" అని అందరికీ చెప్పాం. నల్గొండ జిల్లాలోని ఒక తండాలో కరోనా సోకిన ఒక కుర్రాడికి ఇంట్లో వేరే గది లేదు. చెట్టు మీద మంచం కట్టుకొని 11 రోజులు అక్కడే ఉన్నాడు. పేపర్లలో వచ్చింది. ఇంట్లోవాళ్లకు అంటకూడదన్న బుద్ధి అతనికి అందరికంటే ఎక్కువే ఉంది. లేనిది గది.

ఈ తేడా టి.బి., కరోనాలతో ఆగదు. వానాకాలం వస్తే ఏజెన్సీ గూడేల నుంచి వాంతులు, విరేచనాల కేసులు వస్తాయి. పైపు నీళ్లు అందని చోట వాగు నీళ్లో, చెలిమె నీళ్లో తాగాలి. వాగు పొంగితే ఆటో రాదు. పట్నంలో ఒక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్‌తో పోయే జబ్బు అక్కడ ప్రాణం మీదికి వస్తుంది. చేను కాపలాకు మంచె మీద పడుకునేవాళ్లకు దోమతెర లేకపోతే మలేరియా భయం ఎక్కువ. జబ్బు పేరు మారుతుంది, వరస మాత్రం ఇదే.

కంచంలో ఏముంది?

ఇప్పుడు తిండి సంగతి. ఇక్కడ నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

నేను జి.ఎన్.ఎం. పూర్తి చేసి డ్యూటీలో చేరిన కొత్తలో, మరో ఊరి ఆస్పత్రిలో ఉన్నప్పుడు, బీడీలు చుట్టే ఒక అక్క టి.బి.తో వచ్చింది. బరువు 34 కిలోలు. నేను పుస్తకంలో చదువుకున్నట్టే చెప్పాను: రోజూ పాలు తాగు, గుడ్లు తిను, పండ్లు తిను. రెండో నెల తూకం వేస్తే ముల్లు కదల్లేదు. అందరి ముందూ కోప్పడ్డాను. ఆమె తల వంచుకొని మెల్లగా అంది: "గుడ్లు తెచ్చిన సిస్టరమ్మా. పోరగాండ్లు నోట్లెకు చూస్తుంటే నేనొక్కదాన్నే ఎట్ల తినాలె?"

నాకు మాట రాలేదు. అయినా ఆ రోజు "పిల్లలను కూడా తీసుకురా, చూద్దాం" అనాలని నాకు తోచలేదు. ఏడాది తిరగకముందే ఆమె చిన్న కూతురు మెడ మీద గడ్డలతో వచ్చింది. అదీ టి.బి.నే. మందులు వాడింది, బాగైంది. కానీ ఆ గడ్డలు చూసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తే. మందు ఒక మనిషికి ఇచ్చాం. జబ్బు మాత్రం ఆ ఇంటిది, ఆ కంచాలది. అప్పటి నుంచి నేను రోగిని "ఏం తింటున్నావ్" అని మాత్రమే అడగను. "ఇంట్లో ఎంతమంది? రాత్రి అందరికంటే చివర ఎవరు తింటారు?" అని అడుగుతాను. మన ఇళ్లలో చివర తినేది ఎవరో మీకు తెలుసు.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 2019 నుంచి 2022 వరకు జార్ఖండ్ రాష్ట్రంలో ఒక పెద్ద పరిశోధన జరిగింది. 2,800 మంది టి.బి. రోగులను, వాళ్ల ఇళ్లలో ఉండే 10,000 మందికి పైగా మనుషులను తీసుకున్నారు. రోగులందరికీ మందులతో పాటు తిండి సామాను ఇచ్చారు. సగం ప్రాంతాల్లో మాత్రం ఇంట్లోవాళ్లకు కూడా మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ గోళీలు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా టి.బి. రావడం సుమారు 40 శాతం తగ్గింది. అంటే అయిదుగురికి రావలసిన చోట ముగ్గురికే వచ్చింది. ఇంట్లోవాళ్ల విషయంలో ఆ తేడా తెచ్చింది ఖరీదైన మందు కాదు. బియ్యం, పప్పు, విటమిన్లు. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో చావులు కూడా బాగా తగ్గాయని 2023లో ఆ ఫలితాలు ప్రకటించారు.

మన కాగజ్‌నగర్‌వాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. ఈ ఊరికి పేరు, బువ్వ రెండూ కాగితం మిల్లే ఇచ్చింది. 2014లో మిల్లు మూతబడి, 2018లో మళ్లీ తెరుచుకునేదాకా ఎన్ని ఇళ్లు ఎలా గడిచాయో మీరు చూశారు. జీతం ఆగిన ఇంట్లో మొదట ఆగేది పాలు. తర్వాత గుడ్లు, కూర. ఆ తర్వాత పప్పు పల్చనవుతుంది. బియ్యం మాత్రం రేషన్ మీద వస్తాయి కాబట్టి కడుపు నిండినట్టే ఉంటుంది. బలం మాత్రం తగ్గిపోతూ ఉంటుంది.

మందు ఉచితం, రోజు కూలి ఉచితం కాదు

టి.బి. పరీక్ష, మందులు సర్కారు దవాఖానాల్లో ఉచితం. మరి జనం ఎందుకు ఆలస్యంగా వస్తారు? బెజ్జూరు వైపు నుంచో, తిర్యాణి వైపు నుంచో ఒక కూలి మనిషి రావాలంటే ఆటో చార్జీ, బస్సు చార్జీ కావాలి. ఆ రోజు కూలి పోతుంది. తోడు వచ్చినవాళ్ల కూలి కూడా పోతుంది. రిపోర్టు రేపు రమ్మంటే రెండో రోజు కూలీ పోతుంది. పత్తి ఏరే కాలంలో అయితే "పత్తి అయిపోనీ, అప్పుడు పోదాం" అంటారు. అది సోమరితనం కాదు, లెక్క. కానీ ఆ లెక్కలో ఒక ఖర్చు రాయడం మరచిపోతారు. ఆలస్యమైన ప్రతి వారం ఇంట్లో ఇంకొకరికి అంటుకునే వారమే.

మందులు మధ్యలో మానడం కూడా ఇలాగే జరుగుతుంది. రెండు నెలలు వాడేసరికి దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. బాగైంది కదా అని కూలికి పోతారు, మందు ఆగుతుంది. చావకుండా మిగిలిన క్రిములు మొండికెత్తి మళ్లీ లేస్తాయి. అప్పుడు మామూలు మందులకు లొంగవు. ఆ మొండి టి.బి. ఎవరి ఇంటికైనా వెళ్లగలదు. ఆ మనిషి పనిచేసే సావుకారు ఇంటికి, ఎక్కిన ఆటోకు, పిల్లలు చదివే బడికి. పేదవాళ్ల జబ్బు కదా అని పెద్ద ఇంటివాళ్లు తలుపు వేసుకుంటే గాలి ఆగదు.

సిగ్గు కూడా ఒక రోగమే

ఇంకొక తేడా ఆడ, మగ తేడా. మగవాడికి టి.బి. వస్తే భార్య సేవ చేస్తుంది. కోడలికి వస్తే పుట్టింటికి పంపుతారు. పెళ్లి కావలసిన పిల్లకు వస్తే ఊరు దాటించి దొంగచాటుగా మందులు వాడిస్తారు, లేదా అసలు వాడించరు. కంచం వేరు, గ్లాసు వేరు, మాట కూడా వేరు. కంచం వేరు చేస్తే ఏ లాభమూ లేదని పైన చెప్పాను. సరైన మందులు రోజూ మింగితే సుమారు రెండు, మూడు వారాల్లో చాలామందిలో అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. కాబట్టి మనిషిని దూరం పెట్టే ఇంటికంటే మనిషి చేత మందు మింగించే ఇల్లే తనను తాను బాగా కాపాడుకుంటుంది.

మన పెద్దలు నేర్చుకున్న పాఠం

టి.బి.కి మందు లేని రోజుల్లో మంచి గాలి, ఎండ, తిండి, విశ్రాంతి ఇవే వైద్యం. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషనరీ సంఘాలు కలిసి కట్టిన శానిటోరియం 1915లో తెరుచుకుంది. ఎక్కడెక్కడి నుంచో రోగులు అక్కడికి వెళ్లి నెలల తరబడి ఉండేవారు. కానీ లక్షల మంది పేదలకు అలాంటి మంచం ఎక్కడ దొరుకుతుంది?

1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలుపెట్టారు. పేద రోగులను రెండు భాగాలు చేశారు. సగం మందికి శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతితో ఏడాది మందులు ఇచ్చారు. మిగతా సగం మందికి వాళ్ల ఇరుకు ఇళ్లలోనే, వాళ్ల తిండితోనే అవే మందులు ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే ఇంట్లో ఉన్నవాళ్లకు కూడా ఇంచుమించు అంతే బాగా నయమైంది. వాళ్ల ఇంట్లోవాళ్లకు అదనంగా జబ్బు అంటలేదు. ఆ ఫలితం ప్రపంచంలో టి.బి. వైద్యాన్నే మార్చేసింది.

"మరి తిండి ముఖ్యమని ఇప్పుడే అన్నావు కదా సిస్టర్?" అంటారేమో. రెండూ నిజమే. జబ్బు వచ్చిన మనిషిని నయం చేసేది మందు. ఎంత పేద ఇంట్లోనైనా అది పనిచేస్తుంది, కాబట్టి "మా దగ్గర డబ్బు లేదు, ఇంక మావాడు బాగుపడడు" అని నిరాశపడకండి. తిండి ఆ మనిషిని త్వరగా నిలబెడుతుంది, ప్రాణం కాపాడుతుంది, ఇంట్లో ఇంకొకరికి జబ్బు రాకుండా అడ్డుపడుతుంది. మందు రోగికి, తిండి ఇంటిల్లిపాదికీ.

ఇప్పుడు మీరు చేయవలసినవి

1. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, తెమడలో రక్తం – వీటిలో ఏది ఉన్నా తెమడ పరీక్ష చేయించండి. దగ్గు మందు సీసాతో కాలం గడపకండి.

2. ఒకరికి టి.బి. అని తేలితే ఇంట్లో ఉన్న అందరినీ, ముఖ్యంగా చిన్నపిల్లలను, పరీక్షకు తీసుకురండి. జబ్బు లేదని తేలినవాళ్లకు కూడా రాకుండా ఆపే మందులు ఉన్నాయి. అడగండి.

3. రోగికి షుగర్, హెచ్.ఐ.వి. పరీక్షలు చేయించండి.

4. మామూలు టి.బి.కి కనీసం 6 నెలలు, డాక్టరు చెప్పినన్ని రోజులు, ఒక్క రోజూ మానకుండా మందు మింగించండి. ఇంట్లో ఒకరు ఎదురుగా నిలబడి మింగించాలి. మూత్రం ఎర్రగా వస్తే భయపడకండి, అది మందు రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే రండి. మందులు వాడినన్నాళ్లూ సారా, కల్లు ముట్టవద్దు.

5. పగలు కిటికీ, తలుపు తెరిచి ఉంచండి. ఎండ లోపలికి రానివ్వండి. వేరే గది లేకపోతే మొదటి వారాల్లో రోగిని వసారాలో, గాలి ఆడే చోట పడుకోబెట్టండి. దగ్గేటప్పుడు నోటికి రుమాలో, కొంగో అడ్డం పెట్టుకోవాలి. తెమడ మూత ఉన్న డబ్బాలో వేయాలి.

6. ప్రైవేటు ఆస్పత్రిలో చూపించుకున్నా పేరు ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి. 2012 నుంచి ఇది తప్పనిసరి. నమోదైన రోగికి తిండి కోసం 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 రూపాయలు చేశారు. డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆధార్, పాస్‌బుక్ తీసుకొని ఆశా కార్యకర్తను గానీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ కలవండి. అది దానం కాదు, మీ హక్కు. సందేహం ఉంటే 1800-11-6666 నంబరుకు ఫోన్ చేయవచ్చు, ఖర్చు లేదు.

7. ఆ డబ్బుతో ఖరీదైన టానిక్కులు, పొడి డబ్బాలు కొనకండి. పప్పు, గుడ్లు, పల్లీలు, నూనె, ఆకుకూరలు కొనండి. ఇంట్లో అందరికీ సరిపడా వండండి, రోగి కూడా కడుపునిండా తింటుంది. చివర తినే మనిషి కంచంలో ఏం మిగిలిందో ఒకసారి చూడండి.

చివరగా రెండు మాటలు. ఇల్లు పెద్దది చేసుకోవడం, కూలి పెంచుకోవడం రేపటికి అయ్యే పని కాదని నాకు తెలుసు. అందుకే ఇరుకు ఇంట్లో ఉన్నందుకు ఎవరూ తలదించుకోవద్దు. ఆ తప్పు మీది కాదు. గ్రామసభలో నిలబడి మంచినీళ్లు, రోడ్డు, ఇల్లు, రేషన్ కార్డు అడగడం కూడా టి.బి.ని అడ్డుకునే పనే. ఇంగ్లండులో టి.బి. మందులు రాకముందే, చాలా దశాబ్దాల పాటు టి.బి. చావులు తగ్గుతూ వచ్చాయి. అక్కడ జనం ఇళ్లు, తిండి, బతుకు మెరుగుపడడం దానికి ఒక కారణమని చెబుతారు.

మీరు పని ఇచ్చేవాళ్లయితే, మీ చేనులో, జిన్నింగ్ మిల్లులో, షాపులో, ఇంట్లో పనిచేసే మనిషి వారాల తరబడి దగ్గుతుంటే పనిలోంచి తీసేయకండి. కూలి కోయకుండా ఒక రోజు సెలవిచ్చి పరీక్షకు పంపండి. ఆ ఒక్క రోజు కూలి ఆ ఇంటినీ, మీ ఇంటినీ కాపాడుతుంది.

ఇక లేవండి. మీ మనిషికి మందు వేసే టైమయింది. ఇంట్లో ఎంతమంది ఉన్నారో, వాళ్లలో ఎవరెవరు దగ్గుతున్నారో ఈ రోజే డ్యూటీలో ఉన్న సిస్టర్‌కు చెప్పి వెళ్లండి.